కథలోని ఊహా నేస్తాన్ని చివరి పేజీలో ఎందుకు పంపించేస్తారు?

పుస్తకాల అటక
మా అమ్మాయికి నాలుగున్నరేళ్ళు. దానికి టుర్రు అని ఒక నేస్తం ఉన్నాడు. సగం పిల్లి, సగం ఆటో. ముందు చక్రం, వెనుక తోక. హారన్ కొట్టడు, మ్యావ్ అంటాడు. చాలాకాలంగా మా ఇంట్లోనే ఉంటున్నాడు కాబట్టి మాకూ అలవాటైపోయాడు. వాడు ఎక్కేదాకా లిఫ్టు తలుపు పట్టుకుంటాం, అన్నాల దగ్గర వాడికి చోటు వదులుతాం. నా ఫిర్యాదు వాడి మీద కాదు, ఒక బొమ్మల పుస్తకం మీద.

లైబ్రరీ నుంచి తెచ్చాను. పేరు ఎందుకులెండి, ఇలాంటివి బోలెడు ఉన్నాయి. ఒక ఒంటరి పిల్లవాడు, వాడికి మాత్రమే కనిపించే ఎలుగుబంటి. ఇద్దరూ కలిసి చెట్లెక్కుతారు, గుడారం వేసుకుంటారు. పిల్లవాడు బడిలో చేరతాడు, అక్కడ నిజం నేస్తం దొరుకుతాడు. చివరి పేజీలో ఎలుగుబంటి చెయ్యి ఊపుతూ కొండ దిగి వెళ్ళిపోతుంది. నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మాయి మాత్రం పుస్తకం మూసేసి, "అయితే నేను ఎవరితోనూ స్నేహం చేయకూడదన్నమాట" అంది.

అన్నట్టే చేస్తోంది. బడిలో పక్కన కూర్చునే అమ్మాయి రబ్బరు ఇస్తే పుచ్చుకోదట, పలకరిస్తే తల తిప్పుకుంటుందట. టీచర్ ఫోన్ చేసి చెప్పారు.

ఈ కథలన్నిటిలో ఊహా నేస్తం చివరికి ఎందుకు వెళ్ళిపోవాలి? వెళ్ళిపోని పుస్తకాలు ఉంటే చెప్పండి. తెలుగులో ఉంటే మరీ మంచిది.

గోదారిగట్టు
సగం ఆటో అన్నారు. మీటరు మీద వస్తాడా?

పుస్తకాల అటక
రాడు. బిస్కెట్లు అడుగుతాడు. వాడి బదులు అవి మా అమ్మాయే తినిపెడుతుంది, పాపం.

డల్లాస్ బామ్మ
ఆ బిస్కెట్ల ఎత్తు చాలా పాతది తల్లీ. ఎ.ఎ. మిల్న్ 1927లో పిల్లల కవితల పుస్తకం ఒకటి వేశాడు. అందులో బింకర్ అనే నేస్తం ఉంటాడు, ఒక్క పిల్లవాడికి తప్ప ఎవరికీ కనబడడు. బింకర్‌కు కూడా చాక్లెట్ కావాలి కాబట్టి రెండు ఇమ్మంటాడు పిల్లవాడు. బింకర్‌కు పళ్ళు ఈమధ్యనే వచ్చాయి గనక వాడి వాటా కూడా తానే తినేస్తాడు. అదే కవితలో, నాన్నంటే ఇష్టమే గాని ఆయనకు ఆడుకునే తీరిక లేదు అనే మాట కూడా ఉంటుంది. మా మనవడికి చదివి వినిపిస్తుంటే పక్క గదిలో మా అబ్బాయి లాప్‌టాప్ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైందనుకోండి.

బింకర్ ఎక్కడికీ వెళ్ళిపోడు. కవిత అయిపోయాక కూడా అక్కడే ఉంటాడు.

సందేహాల రావు
వెళ్ళిపోకపోతే ఎలా? కథ అన్నాక ఒక ముగింపు ఉండాలి. పిల్లవాడు ఒంటరి, నేస్తం వచ్చాడు, ఒంటరితనం పోయింది, నేస్తమూ పోయాడు. లెక్క సరిపోయింది. పాతికేళ్ళు వచ్చాక కూడా ఎలుగుబంటితో గుడారంలో కూర్చుంటే పిల్లనెవరిస్తారు?

మర్రిచెట్టు
రావు గారు ఏ చర్చలో దిగినా పెళ్ళి సంబంధాల దగ్గరే తేలతారు.

బడిపంతులమ్మ
రావు గారి లెక్కలో మొదటి మెట్టు దగ్గరే నాకు పేచీ. ఊహా నేస్తాలు ఒంటరి పిల్లలకే ఉంటారన్నది కథలు అలవాటు చేసిన మాట. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇలాంటి పిల్లల మీదే పని చేశారు. 1999లో ఒక పుస్తకం రాశారు. 2004లో ఆవిడ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళ లోపు ఏదో ఒక దశలో ఇలాంటి నేస్తం ఉన్న పిల్లలు 65 శాతం అని తేలింది. కంటికి కనబడని వాళ్ళతో పాటు, ప్రాణం ఉన్నట్టుగా మాట్లాడించే బొమ్మలనూ అందులో కలిపే లెక్కపెట్టారు. ఈ పిల్లలు మూలన కూర్చునే బిడియస్తులేమీ కారని కూడా ఆవిడ అంటారు.

ఇంకో సంగతి. పరిశోధకులు ఎంతో శ్రద్ధగా మీ నేస్తం ఏం తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అని రాసుకుంటూ ఉంటే, పిల్లలే మధ్యలో ఆపి "ఇదంతా ఉత్తుత్తిదే, మీకు తెలుసు కదా" అని గుర్తు చేస్తారట. అంటే పిల్లలకు తెలియక కాదు.

వెళ్ళిపోవడం గురించి నేను చూసింది చెబుతాను. మా బడిలో ఒక పిల్లవాడికి జేబులో పట్టే ఏనుగు ఉండేది. రోజూ దానికి హాజరు పిలవమనేవాడు, నేనూ పిలిచేదాన్ని. వేసవి సెలవుల తర్వాత అలవాటు కొద్దీ పిలిస్తే, "ఏ ఏనుగు?" అని నా వంక ఎగాదిగా చూశాడు. వీడ్కోలూ లేదు, కన్నీళ్ళూ లేవు. ఆ చెయ్యి ఊపడం, కొండ దిగడం ఇవన్నీ పుస్తకం కొనే పెద్దవాళ్ళ కోసం వేసిన బొమ్మలు.

పుస్తకాల అటక
పంతులమ్మ గారూ, అలా అయితే దానికి లేని దిగులును ఆ పుస్తకమే తెచ్చిపెట్టిందన్నమాట. వాడు దానంతట అదే మరిచిపోయి ఉండే నేస్తం. ఇప్పుడు పోగొట్టుకోకూడని నేస్తం అయ్యాడు.

రంగులపెట్టె
నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఈ విషయంలో నాకు చెప్పవలసింది చాలా ఉంది, ఓపిక పట్టండి.

ముందు మీరు అడిగిన పుస్తకం. జాన్ బర్నింగ్‌హామ్ రాసి బొమ్మలు వేసిన 'ఆల్డో', 1991. ఒక ఒంటరి అమ్మాయి, ఆమెకు మనిషంత కుందేలు నేస్తం. బడిలో ఏడిపించే పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళ పోట్లాట, ఇవేవీ దాచడు. చివర్లో ఆ అమ్మాయికి వేరే పిల్లలతో ఆడుకునే రోజులు కూడా వస్తాయి. అప్పుడు ఆల్డోను మరిచిపోతుంది కూడా. కానీ కష్టం వస్తే మళ్ళీ వస్తాడని ఆమెకు తెలుసు. అక్కడితో అయిపోతుంది. నేస్తాన్ని పంపించలేదు, నిజం స్నేహాన్ని వద్దనలేదు. మీ అమ్మాయి విన్న కథలో ఉన్న 'ఇదా, అదా' అనే తిరకాసు ఇక్కడ లేదు.

ఇక బొమ్మల సంగతి. లేనివాణ్ణి ఎలా వేయాలి అన్నది మా వృత్తిలో చాలా గట్టి చిక్కు. కెవిన్ హెంక్స్ 'జెస్సికా' (1989)లో రూతీ అనే పిల్ల మాట్లాడుతూనే ఉంటుంది, జెస్సికా ఉండవలసిన చోట ఖాళీ కాగితం ఉంటుంది. అమ్మానాన్నలు జెస్సికా అంటూ ఎవరూ లేరంటారు. చదివే పిల్లలకూ బొమ్మలో ఎవరూ కనబడరు. రూతీ పక్షం వహించాలంటే మన కళ్ళనే మనం కాదనాలి. చివరికి బడిలో తోడుగా నిలబడడానికి ఒక అమ్మాయి వస్తుంది, ఆమె పేరే జెస్సికా. అంతవరకూ ఖాళీగా ఉన్న చోట అప్పుడు మనిషి నిండుతుంది. లారెన్ చైల్డ్ సృష్టించిన లోలాకు సోరెన్ లోరెన్సెన్ అనే నేస్తం ఉంటాడు. టీవీలో వచ్చిన 'చార్లీ అండ్ లోలా'లో అతణ్ణి బూడిద రంగులో, వెనుక గోడ కనబడేంత పలచగా చూపిస్తారు. 2010లో అతని మీదే ఒక పుస్తకం వచ్చింది, దాని పేరులోనే అతను కొంచెం మాత్రమే కనబడడని ఉంటుంది. కొంచెం! పూర్తిగా కాదు.

నాకు ఒకసారి ఇలాంటి కథకే బొమ్మలు వేసే పని వచ్చింది. నేస్తాన్ని చుక్కల గీతతో వేయమన్నారు, లేకపోతే పిల్లలు తికమక పడతారని. నేను రెండు రకాలుగానూ వేసి మా మేనల్లుడికి చూపించాను. నిండు రంగులతో వేసినదాన్ని చూసి ఏమీ అడగలేదు. చుక్కలది చూసి "వీడికి జ్వరమా?" అన్నాడు. అయినా చుక్కలదే అచ్చయింది, డబ్బు ఇచ్చేది వాళ్ళు కదా.

గోదారిగట్టు
ఇంత రాసి అసలు పులిని వదిలేశారు. హాబ్స్ ఏడి?

రంగులపెట్టె
అది ఒక పేరాలో తేలే వ్యవహారం కాదని ఆగాను.

బిల్ వాటర్సన్ 'కాల్విన్ అండ్ హాబ్స్' 1985 నవంబర్ 18 నుంచి 1995 డిసెంబర్ 31 దాకా పత్రికల్లో వచ్చిన కామిక్ స్ట్రిప్. ఆరేళ్ళ కాల్విన్ పక్కన ఉన్నప్పుడు హాబ్స్ వాడికంటే పొడవైన పులి. నడుస్తాడు, వాదిస్తాడు, బడి నుంచి వచ్చేవాణ్ణి గుమ్మం దగ్గరే మీద పడి కింద పడేస్తాడు. అమ్మ గదిలోకి వచ్చిన గడిలో మాత్రం చేతులు వేలాడేసుకున్న చిన్న గుడ్డబొమ్మ. ఆమె వెళ్ళగానే మళ్ళీ పులి. మధ్యలో 'ఇప్పుడు మారుతున్నాడు' అని చెప్పే గీత ఒక్కటి కూడా ఉండదు. మెరుపులు లేవు, పొగ లేదు. ఒక గడి, ఇంకో గడి, మధ్యలో వేలెడు ఖాళీ, అంతే. దీన్ని మాటల్లో రాయబోతే ఎక్కడో ఒకచోట "అనుకున్నాడు" అనో "నిజానికి" అనో అనక తప్పదు. బొమ్మకు ఆ అవసరం లేదు.

సందేహాల రావు
పులి గుడ్డబొమ్మే. ఇందులో చర్చ ఏముంది? పెద్దవాళ్ళు చూసేదే నిజం, పిల్లవాడిది ఊహ.

గోదారిగట్టు
రావు గారూ, ఒక కథలో కాల్విన్ తాళ్ళు విప్పుకునే ఇంద్రజాలం చేస్తానని హాబ్స్‌తో తనను కుర్చీకి కట్టించుకుంటాడు. విప్పుకోలేకపోతాడు. నాన్న వచ్చి చూసి, నిన్ను నువ్వు ఇలా ఎలా కట్టుకున్నావురా అని తల పట్టుకుంటాడు. గుడ్డబొమ్మ ముడి వేసిందంటారా?

సందేహాల రావు
పిల్లలు తలచుకుంటే ఎలాగైనా కట్టుకోగలరు.

గోదారిగట్టు
మీరు ఇప్పుడే కుర్చీలో కూర్చుని ప్రయత్నించి చెప్పండి. మేము ఆగుతాం.

రంగులపెట్టె
ఈ తగువు మీరిద్దరే పడడం లేదు, పాఠకులు చాలామంది పడ్డారు. పదో వార్షికోత్సవ సంకలనంలో వాటర్సన్ తన మాట తాను రాసుకున్నాడు. బొమ్మకు ప్రాణం వస్తుందని తాను అనుకోవడం లేదు, కాల్విన్ ఊహలో పుట్టిన పులి అనీ అనుకోవడం లేదు. కాల్విన్ ఒకలా చూస్తాడు, మిగతావాళ్ళు ఇంకోలా చూస్తారు, ఎవరు చూసేది వాళ్ళకు పూర్తిగా సబబుగానే ఉంటుంది అని. అందుకే కాబోలు హాబ్స్ బొమ్మలు చేసి అమ్ముకుంటామని వచ్చిన వ్యాపారాలన్నిటినీ కాదన్నాడు. దుకాణంలో గుడ్డపులిని అమ్మిన రోజు రావు గారు గెలిచినట్టే కదా.

అటక గారికి పనికొచ్చే మాట: ఆఖరి కథలో కూడా హాబ్స్ ఎక్కడికీ పోడు. కొత్తగా మంచు పడింది, ఇద్దరూ స్లెడ్ బండి ఎక్కి చూడని చోట్లు చూద్దామని జారిపోతారు.

డల్లాస్ బామ్మ
ఇదంతా చదువుతుంటే నాకు ఒకటి తడుతోంది. పాత పుస్తకాల్లో వెళ్ళిపోయేది నేస్తం కాదు, పిల్లవాడు.

మిల్న్ విన్నీ ది పూ అనే ఎలుగుబంటి, దాని నేస్తం క్రిస్టఫర్ రాబిన్ అనే పిల్లవాడి కథలు రాశాడు కదా, వాటిలో రెండో పుస్తకం 1928లో వచ్చింది. చివరి అధ్యాయంలో క్రిస్టఫర్ రాబిన్ వెళ్ళిపోతున్నాడని అడవిలో అందరికీ తెలిసిపోతుంది. ఎలుగుబంటి ఎక్కడికీ పోదు. తనను మరిచిపోవద్దని పిల్లవాడే దాన్ని బతిమాలుకుంటాడు. మారిస్ సెండాక్ 1963లో వేసిన పుస్తకంలోనూ అంతే. మాక్స్ రాకాసి మృగాల రాజ్యం నుంచి ఇంటికి బయలుదేరుతుంటే అవే వెళ్ళవద్దని గోల చేస్తాయి. వెళ్ళే హక్కు పిల్లవాడిది. ఈమధ్య వచ్చే పుస్తకాల్లో నేస్తమే మర్యాదగా తప్పుకుంటున్నాడు. చంటిదానికి భయం వేయదా మరి?

బడిపంతులమ్మ
బామ్మ గారూ, ఈ మాట నేను మా శిక్షణ తరగతుల్లో వాడుకుంటాను.

మర్రిచెట్టు
పూ ముగింపును అంత తియ్యగా తలచుకోకండి. ఆ పిల్లవాడు నిజంగా ఉన్నవాడు, రచయిత కొడుకు క్రిస్టఫర్ మిల్న్. పెద్దయ్యాక 1974లో తన జ్ఞాపకాలు రాశాడు. ఆ పుస్తకాల వల్ల హాస్టల్ బడిలో తోటి పిల్లలు ఎంత ఏడిపించారో అందులో ఉంది. ఊహా నేస్తం పిల్లవాడి రహస్యంగా ఉన్నంతసేపే బాగుంటుంది. నాన్న దాన్ని అచ్చేసి ఊరంతా పంచితే ఇంక వాడికి మిగిలేది ఏమిటి? అతను చిన్నప్పుడు ఆడుకున్న ఆ అసలు బొమ్మలు 1987 నుంచి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దగ్గర ఉన్నాయి, జనం వెళ్ళి చూసి వస్తారు.

అటక గారూ, టుర్రు గురించి మీరు ఇక్కడ రాశారని మీ అమ్మాయికి చెప్పకండి.

రంగులపెట్టె
చిన్న చేర్పు. ఆ పుస్తకాలకు బొమ్మలు వేసిన షెపర్డ్, పూ బొమ్మ వేసేటప్పుడు క్రిస్టఫర్ ఎలుగుబంటిని కాకుండా తన కొడుకు దగ్గరున్న గ్రోలర్ అనే ఎలుగుబంటిని చూసి వేశాడు. అంటే పుస్తకంలో ఉన్నది ఒక పిల్లవాడి నేస్తం పేరు, ఇంకో పిల్లవాడి నేస్తం ఒళ్ళు.

పాత చందమామ
అటక గారు అడిగిన రెండో ప్రశ్నను అందరూ గాలికి వదిలేశారు. తెలుగులో ఇలాంటి కథలు ఎందుకు లేవు?

నా ఆలోచన చెబుతాను. మన కథల్లో అందరూ అందరితోనూ మాట్లాడతారు. "చేపా, చేపా, ఎందుకు ఎండలేదు?" అని రాజుగారి కొడుకు అడుగుతాడు. చేప గడ్డిమోపు అడ్డం వచ్చిందంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మీద చెబుతుంది. చివరికి చీమ కూడా సంజాయిషీ ఇచ్చుకుంటుంది. ఆ చేప మాట ఒక్క రాజకుమారుడికే వినిపించిందని ఎవరైనా అన్నారా? లోకమంతా నోరున్నదే అయినప్పుడు ఒకరికి మాత్రమే కనబడే నేస్తం దేనికి? ఇంగ్లీషు పుస్తకాల్లో పిల్లవాడికి వేరే గది, వేరే మంచం, దీపం ఆర్పేసి తలుపు వేసే అమ్మ. ఆ చీకట్లో ఎవరో ఒకరు పుట్టాలి మరి. మనకు అమ్మమ్మ పక్కన నలుగురం పడుకునేవాళ్ళం.

మర్రిచెట్టు
ఒప్పుకోను. మన పిల్లలకూ ఉండేవారు, పెద్దవాళ్ళు ఉండనిచ్చేవారు కాదు, అంతే. మా చిన్నత్త ఎనిమిదేళ్ళప్పుడు బావి గట్టు మీద కూర్చుని ఎవరితోనో గంటలు గంటలు కబుర్లు చెప్పేదట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తాయెత్తు కట్టాక ఆపేశావా అని నేను అడిగితే, "ఆపలేదు, పెదవులు కదపకుండా మాట్లాడడం నేర్చుకున్నాను" అంది. బాల్యంలో ఇలా తాయెత్తులు కట్టించుకున్నవాళ్ళు పెద్దయి రచయితలైతే ఊహా నేస్తం కథలు ఎందుకు రాస్తారు? దెయ్యాల కథలు రాస్తారు.

పాత చందమామ
దెయ్యాల కథలకు వంక పెట్టకండి. నేను వాటి మీదే పెరిగాను.

కొబ్బరాకు బూర
తెలుగులో లేడని ఎవరన్నారు? బేతాళుడు ఉన్నాడు.

ఆలోచించండి. విక్రమార్కుడు ఒంటరిగా శ్మశానంలో నడుస్తుంటాడు. భుజం మీది శవం ఒక్క ఆయనతోనే మాట్లాడుతుంది. దారి అలసట తెలియకుండా కథ చెబుతుంది. ఆయన నోరు విప్పిన మరుక్షణం మాయం. అటక గారి పుస్తకంలో ఎలుగుబంటిలాగే వెళ్ళిపోతాడు. తేడా ఏమిటంటే మరుసటి నెల చందమామ తెరిస్తే మళ్ళీ ఆ చెట్టు మీదే ఉండేవాడు. దశాబ్దాల తరబడి వెళ్ళిపోతూనే ఉండేవాడు, ఒక్క పిల్లకైనా దిగులు వేసిందా? శంకర్ గారి బొమ్మ కళ్ళకు కట్టినట్టుంది, చేతిలో కత్తి, భుజం మీద శవం. వెళ్ళిపోవడం తప్పు కాదు, మళ్ళీ సంచిక వేయకపోవడం తప్పు.

బడిపంతులమ్మ
నాలుగున్నరేళ్ళ పిల్లకు శవాన్ని నేస్తంగా పరిచయం చేయమంటారా!

కొబ్బరాకు బూర
మాకు చేశారు కదండీ. బాగానే ఉన్నాం.

మర్రిచెట్టు
అది చర్చనీయాంశం.

పాత చందమామ
బుడుగును ఎవరూ తలచుకోరేమిటి? ముళ్ళపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలు వేసిన బుడుగు 1950ల్లో ఆంధ్ర వారపత్రికలో వచ్చాడు. వాడికి ఊహా నేస్తం లేడంటారు గాని, వాడు మొదటి నుంచి చివరి దాకా ఎవరితో మాట్లాడుతున్నాడు? ఇంట్లో ఎవరికీ కనబడని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బామ్మ గురించీ, బాబాయి గురించీ, ప్రైవేటు మాస్టర్ల గురించీ చాడీలు చెబుతుంటాడు. ఆ కనబడని నేస్తం మనమే.

రంగులపెట్టె
దీని మీద నాకు అనుమానం ఉంది, ఆ లెక్కన ఉత్తమ పురుషలో రాసిన ప్రతి కథకూ ఊహా నేస్తం ఉన్నట్టే. కానీ బాపు బొమ్మల్లో బుడుగు ఎన్నోసార్లు నేరుగా మన వైపే చూస్తుంటాడు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను.

నిద్రలేని నాన్న
ఒక హెచ్చరిక. ఎవరైనా మీకు ఎ.ఎఫ్. హారల్డ్ 'ది ఇమాజినరీ' (2014) చదవమని చెబితే ఇప్పుడే వద్దు. ఎమిలీ గ్రావెట్ బొమ్మలు అద్భుతం, కానీ ఊహా నేస్తాలను మింగేసే బంటింగ్ అనే మనిషి ఒకడు ఉంటాడు అందులో. మా వాడికి ఆరేళ్ళప్పుడు చదివి వినిపించాను. ఆ తర్వాత చాలా రాత్రులు వాడి నేస్తం మా మంచం మీద, మా ఇద్దరి మధ్యలో పడుకున్నాడు. నా పేరు చూస్తే తెలియడం లేదా?

పిల్లలకు ఎనిమిదో తొమ్మిదో వచ్చాక మాత్రం తప్పక చదవండి. మరిచిపోయిన నేస్తాలు ఒక లైబ్రరీలో కొత్త పిల్లల కోసం ఎదురుచూస్తుంటారు. వాటిలో ఒక ముసలి కుక్క ఉంటుంది, పేరు ఫ్రిజ్. కథలోని పాప వాళ్ళ అమ్మకు చిన్నప్పటి నేస్తం అది. అక్కడికి వచ్చేసరికి చదివే నాన్నకు గొంతు పట్టేసింది, వినేవాడు మాత్రం "తర్వాత?" అన్నాడు. జపాన్ వాళ్ళు దీన్ని 2023లో యానిమేషన్ సినిమాగా కూడా తీశారు.

మీ అమ్మాయి వయసుకైతే డాన్ శాంటాట్ 'బీకిల్'. 2014లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో బొమ్మల పుస్తకాలకు ఇచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది. ఊహా నేస్తాలు పుట్టే దీవి ఒకటుంటుంది. ఎవరో ఒక బిడ్డ తలచుకుంటే అక్కడి నుంచి వెళ్ళిపోవచ్చు. ఒకడిని ఎవరూ తలచుకోరు. వాడు ఎదురుచూసి, చూసి, తానే పడవెక్కి తన పిల్లను వెతుక్కుంటూ మన లోకానికి వస్తాడు. వెళ్ళిపోయే కథ కాదు, వచ్చే కథ.

పుస్తకాల అటక
'బీకిల్' దొరికింది, చదివాం. ఆల్డో ఇంకా రాలేదు.

ముందు ఇక్కడి నుంచి ఎత్తుకున్న ఆలోచన ఒకటి సొంతంగా ప్రయోగించాను. టుర్రు ఆటో కదా, వెనుక ముగ్గురు పడతారు, కొత్త స్నేహితురాలిని కూడా ఎక్కించుకోవచ్చు కదా అన్నాను. ఎంత తెలివైన తల్లినో అనుకుంటూ. "వెనుక పిల్లి కదమ్మా, ఎక్కడ కూర్చుంటుంది?" అంది. మాట్లాడలేకపోయాను.

'బీకిల్' విన్నాక కథ గురించి ఏమీ అనలేదు. ఆ దీవిలో ఇంకా ఎంతమంది మిగిలారు అని మాత్రం నాలుగైదు సార్లు అడిగింది. చాలామంది అన్నాను. మర్నాడు బడికి వెళ్ళి ఆ పక్క అమ్మాయితో తానే మాట్లాడిందట. స్నేహం చేయడానికి కాదు. నీకు ఎవరూ లేరు కదా, దీవి నుంచి ఒకరిని పిలిపిస్తాను, ఎలాంటిది కావాలో చెప్పు అని వివరాలు రాసుకోవడానికి. రాయడం రాదు కాబట్టి బొమ్మ వేసుకుని వచ్చింది. ఆ అమ్మాయికి జేసీబీ కావాలట. రెక్కలున్నది.

గోదారిగట్టు
టుర్రుకు పోటీ వచ్చింది. యూనియన్‌కు చెప్పాడా?

రంగులపెట్టె
అటక గారూ, ఆ బొమ్మ పారేయకండి. తెలుగులో లేవు, లేవు అని ఇంతసేపు అనుకున్నాం కదా, మీరే ఒకటి రాయవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగులో ఎవరైనా కథ రాసి పెట్టవచ్చు, చదివేవాళ్ళకు ఉచితం. చుక్కల గీతలు మాత్రం వద్దు.

పుస్తకాల అటక
రహస్యం అచ్చేయకూడదని మర్రిచెట్టు గారు ఇందాకే బెదిరించారు.

మర్రిచెట్టు
అనుమతి అడిగి వేయండి. మీ అమ్మాయిని కాదు, టుర్రును.

బడిపంతులమ్మ
ఆ టీచర్‌కు కూడా ఒకమాట చెప్పి ఉంచండి. హాజరు పట్టీలో రెక్కల జేసీబీ చేరబోతోంది.

సందేహాల రావు
కాల్విన్ పుస్తకం మా మనవరాలి దగ్గర అరువు తీసుకుని ఆ తాళ్ళ కథ చూశాను. కట్టింది వాళ్ళ నాన్నే అయి ఉంటాడు, అల్లరి భరించలేక.

గోదారిగట్టు
నాన్నే కట్టి, "నిన్ను నువ్వు ఇలా ఎలా కట్టుకున్నావురా" అని మళ్ళీ నాన్నే అడిగాడా?

సందేహాల రావు
నేనూ ముగ్గురు పిల్లల తండ్రినే. అడుగుతాం.